వేలి కింద రెండు మిల్లీమీటర్లు

ఇరవయ్యేళ్ల కిందట విజయవాడ గవర్నరుపేటలో ఒక డీటీపీ సెంటరుకు ప్రూఫులు దిద్దడానికి వెళ్లేవాణ్ని. మేడమెట్లు ఎక్కుతుండగానే చప్పుడు వినిపించేది. లోపల మూడు కంప్యూటర్లున్నా ఒక్కదాని చప్పుడే మెట్ల దాకా వచ్చేది, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు. ఆ సీట్లో కూర్చునే అన్న అను సాఫ్ట్‌వేరులో ఆపిల్ లేఅవుట్ మీద పొద్దుటి నుంచి రాత్రి దాకా పుస్తకాలు కొట్టేవాడు. అతని కీబోర్డు మీద సగం అక్షరాలు చెరిగిపోయాయి. "కొత్తది తెప్పించుకోవచ్చుగా అన్నా" అన్నాను ఒకసారి. "కుర్చీ మార్చమను, కంప్యూటర్ మార్చమను. ఇది మాత్రం ముట్టుకోనివ్వను" అన్నాడు.

అది టీవీఎస్ గోల్డ్. బ్యాంకు కౌంటర్ల దగ్గర వరసలో నిలబడ్డవాళ్లలో చాలామంది ఆ చప్పుడు విని ఉంటారు. చాలాకాలం పాటు దాని లోపల ఉన్నవి చెర్రీ కంపెనీ నీలం స్విచ్‌లు. ఇవాళ కుర్రవాళ్లు రంగురంగుల లైట్లతో కొనుక్కుంటున్న మెకానికల్ కీబోర్డుల కుటుంబమే అది. ఆ మాట మాకు తెలియదు. వేళ్లకు మాత్రం తేడా తెలిసింది.

పోయిన ఏడాది మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. అనువాదాలు చేస్తుంది, ఇంట్లోనే పని. "మామయ్యా, మెకానికల్ కీబోర్డు ఒకటి కొందామనుకుంటున్నా. రెడ్ అంటారు, బ్రౌన్ అంటారు, బ్లూ అంటారు. ఏది తీసుకోను?" అంది. "ముందు ఇది చెప్పమ్మా, నువ్వు తెలుగు ఎలా కొడతావు?" అని అడిగాను. దానికీ దీనికీ సంబంధమేమిటో తనకు అర్థం కాలేదు. ఆ సంబంధం చెప్పాలంటే మీట లోపలికి వెళ్లాలి.

ముందు ఇంట్లో ఉండే మామూలు కీబోర్డును విప్పి చూద్దాం. మీటల కింద ఒక రబ్బరు పరుపు ఉంటుంది. దాని మీద ప్రతి మీటకూ ఒక చిన్న బుడిపె, గిన్నె బోర్లించినట్టు. పరుపు కింద మూడు పల్చటి ప్లాస్టిక్ పొరలు. పై పొర మీదా కింది పొర మీదా విద్యుత్తు ప్రవహించే సిరాతో గీతలు గీసి ఉంటాయి. మధ్య పొరకు మీట ఉన్నచోటల్లా ఒక చిల్లు. మీట నొక్కితే గిన్నె కాసేపు ఎదురు నిలిచి, ఒక్కసారిగా లోపలికి కుంగిపోతుంది. గిన్నె నడుమ ఉన్న మొన పై పొరను చిల్లులోంచి కిందికి నెట్టి, కింది పొరకు తాకిస్తుంది. అప్పుడే అక్షరం పుడుతుంది.

ఇందులో ఇబ్బంది ఎక్కడుందో చూడండి. గిన్నె కుంగడం వేలికి దారి మధ్యలో తెలుస్తుంది. అక్షరం పడేది మాత్రం చిట్టచివర, అడుగు తగిలాక. మధ్యలో వదిలేస్తే ఏమీ పడదు. అందుకే ఇలాంటి కీబోర్డు మీద ఏళ్ల తరబడి పనిచేసిన వేళ్లు ప్రతి మీటనూ అడుగంటా గుద్దడం నేర్చుకుంటాయి. రబ్బరు పాతబడే కొద్దీ ఒక్కో గిన్నె ఒక్కో తీరుగా బిగుసుకుంటుంది, ఆ గుద్దుడు ఇంకాస్త పెరుగుతుంది.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ తనదైన స్విచ్ ఉంటుంది. విప్పితే కనిపించేవి నాలుగైదు భాగాలే. కింద ఒక డొప్ప, పైన ఒక మూత, నడుమ కిందికీ పైకీ జారే ఒక కాడ, దాని కింద చుట్టల స్ప్రింగు, పక్కన రెండు పల్చటి లోహపు రేకులు. కాడ నెత్తిన కూడిక గుర్తులా ఉండే భాగానికి అక్షరం అచ్చువేసిన టోపీ తగులుకుంటుంది. దాన్నే కీక్యాప్ అంటారు. 1953లో వాల్టర్ చెర్రీ అమెరికాలోని ఇల్లినాయిలో పెట్టిన కంపెనీ తర్వాత జర్మనీలో స్థిరపడింది. 1980ల మొదటి సగంలో అది తెచ్చిన ఎంఎక్స్ స్విచ్ ఈ కథకు కేంద్రం. పేటెంటు గడువు తీరాక గేటరాన్, కైల్, ఔటెము వంటి చైనా కంపెనీలు అదే నమూనాను రకరకాలుగా చేసి అమ్ముతున్నాయి. కాడ మీది కూడిక గుర్తు దాదాపు అందరికీ ఒకటే. ఒకరి టోపీ మరొకరి స్విచ్‌కు పట్టేది అందుకే.

ఆ స్విచ్‌లో నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. వేలు నొక్కితే రేకులు ఒకదానికొకటి నొక్కుకుంటాయని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి తిరగేసి ఉంటుంది. మీట పైన ఉన్నప్పుడు కాడకున్న రెండు కాళ్లు ఒక రేకును వెనక్కి తోసి పట్టుకుని ఉంటాయి. కాడ దిగే కొద్దీ ఆ కాళ్లు పక్కకు తప్పుకుంటాయి. అడ్డు తొలగిన రేకు తన సొంత బలంతో వచ్చి రెండో రేకును తాకుతుంది. తలుపుకు అడ్డం పెట్టిన రాయి తీసేస్తే తలుపు దానంతట అదే మూసుకున్నట్టు. వేలు గట్టిగా కొట్టినా మెత్తగా తాకినా రేకుల కలయికలో తేడా ఉండదు. ఆ రేకులు తాకే చోట బంగారం కలిసిన లోహం వాడతారు. బంగారం గాలికీ తేమకూ తుప్పు పట్టదు గనుక, కోట్లసార్లు తాకినా సంకేతం చెడిపోదు.

ఈ కలయిక ఎక్కడ జరుగుతుందన్నదే అసలు విషయం. ఎంఎక్స్ స్విచ్‌లో మీట మొత్తం దిగేది 4 మిల్లీమీటర్లు. రేకులు కలిసేది సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గర, సగం దారిలో. అంటే మీట మాట వినేసిన తర్వాత ఇంకా రెండు మిల్లీమీటర్ల ఖాళీ మిగిలి ఉంటుంది. వేలు అక్కణ్నించి తిరిగి రావచ్చు. ఆఖరుదాకా వెళ్లినా, అప్పటికి వేగం తగ్గించుకునే వీలుంటుంది. మెకానికల్ కీబోర్డు కొనేవాళ్లు డబ్బు పెట్టేది ఆ రెండు మిల్లీమీటర్ల కోసమని నా అభిప్రాయం. లైట్లూ రంగులూ ఆ తర్వాతి సంగతి.

రంగుల మర్మం అర్థం కావడానికి ఇంట్లోనే ఒక ప్రయోగం చేయవచ్చు. 2011 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన రూపాయి బిళ్లలు పదహారు పోగుచేయండి. ఒక్కొక్కటి 3.79 గ్రాములు, అడ్డంగా 22 మిల్లీమీటర్లు. పక్క మీటల మీద ఆనకుండా ఒక మీట నెత్తిన నిలుస్తాయి. ఎరుపు స్విచ్ ఉన్న మీట మీద ఒకటొకటిగా పేర్చుకుంటూ పోండి. మొదటి ఏడెనిమిదింటికి మీట పెద్దగా కదలదు, స్ప్రింగును ముందే కాస్త నొక్కి అమర్చారు గనుక. తర్వాత ఒక్కో బిళ్లకూ కాస్త కాస్త దిగుతుంది. పన్నెండో బిళ్ల ప్రాంతంలో తెర మీద అక్షరం పడటం మొదలవుతుంది. పన్నెండు బిళ్లలంటే సుమారు 45 గ్రాములు. పెట్టె మీద 45 సెంటీన్యూటన్లు అని రాసేది ఈ బరువునే. స్ప్రింగుల్లో హెచ్చుతగ్గులు ఉంటాయి కాబట్టి ఒకటి రెండు బిళ్లలు అటూ ఇటూ కావచ్చు. ఇలా ఏ కుదుపూ లేకుండా ఒకే తీరున దిగేవాటిని లీనియర్ స్విచ్‌లంటారు. ఇదే తరహాలో నలుపు స్విచ్ బరువైనది, దానికి పదహారు బిళ్లలు కావాలి.

ఇప్పుడు గోధుమరంగు స్విచ్ మీద పేర్చండి. పన్నెండు దాటినా మీట గట్టిగానే నిలుస్తుంది. పద్నాలుగు, పదిహేను దగ్గర ఉన్నట్టుండి జారిపోతుంది. కాడ కాళ్ల మీద చిన్న గుబ్బ ఉంది, రేకు ఆ గుబ్బను దాటాలి. దాటేదాకా బరువెక్కువ, దాటాక తక్కువ. స్పీడు బ్రేకరు దాటిన సైకిలులాగ, వేలికి ఆ క్షణం తెలుస్తుంది. రేకులు కలిసేది ఆ దగ్గర్లోనే గనుక వేలికి తెలియడమూ అక్షరం పడటమూ ఇంచుమించు ఒకేసారి జరుగుతాయి. మామూలు రబ్బరు కీబోర్డులో విడిపోయిన ఆ రెండు సంఘటనలూ ఇక్కడ దగ్గరికొచ్చాయి. ఇవి టాక్టైల్ స్విచ్‌లు.

నీలంలో కాడ రెండు ముక్కలు. పై ముక్కను వేలు నొక్కుతుంటే, కింది చిన్న ముక్క గుబ్బ దగ్గర ఆగి, దాటగానే వేలికన్నా వేగంగా కిందికి దూకి టక్కుమంటుంది. విజయవాడలో మేడమెట్ల దాకా వచ్చిన చప్పుడు అదే. దీనికి ఒక చిక్కు కూడా ఉంది. మీట మాట విన్న చోటు కన్నా కాస్త పైదాకా లేస్తే తప్ప స్విచ్ మళ్లీ సిద్ధం కాదు. ఒకే అక్షరాన్ని వెంటవెంటనే కొట్టేవాళ్లకు ఇది అడ్డం వస్తుంది. రాసుకునేవాళ్లకు పట్టించుకోవాల్సినంత కాదు.

వేలికి తెలిసే ఈ కుదుపును మరోదారిలో సాధించిన వాళ్లున్నారు. వాళ్ల పని నాకు చాలా ఇష్టం. ఒక ప్లాస్టిక్ స్కేలును రెండు చివరలా పట్టుకుని లోపలికి నొక్కండి. కాసేపు నిటారుగానే ఉండి, ఒక హద్దు దాటగానే చటుక్కున పక్కకు విల్లులా వంగుతుంది. ఆ హద్దు ఎంతో లెక్కకట్టవచ్చని గణితవేత్త ఆయిలర్ 1744లో చూపించాడు. ఐబీఎం ఇంజనీరు రిచర్డ్ హంటర్ హారిస్ ఈ చటుక్కున వంగడాన్నే మీటలోకి తెచ్చాడు. ఆయన పేటెంటు 1978 నాటిది. ఇందులో స్ప్రింగు నిటారుగా నలుగుతూ వచ్చి ఒక్కసారి పక్కకు ఒరుగుతుంది, ఒరిగే ఊపులో కింద ఉన్న చిన్న సుత్తిని తిప్పుతుంది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మోడల్ ఎఫ్ కీబోర్డులోనూ, 1985లో వచ్చిన మోడల్ ఎంలోనూ ఉన్నది ఇదే. నలభై ఏళ్ల నాటి మోడల్ ఎం కీబోర్డులతో ఇవాళ్టికీ రాసుకుంటున్నవాళ్లు ఉన్నారు. తమాషా ఏమిటంటే, మోడల్ ఎంలో ఆ సుత్తి కొట్టేది లోహపు రేకును కాదు. రబ్బరు కీబోర్డులో చూశామే, ఆ ప్లాస్టిక్ పొరలనే. పొరలున్నంత మాత్రాన కీబోర్డు చెడ్డదని చెప్పలేమన్నమాట. వేలికి తెలిసే క్షణమూ, మీట వినే క్షణమూ ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే కొలత.

టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరు, హయ్యరు పరీక్షలు రాసిన తరానికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె అంటూ మొదలుపెట్టిన వేళ్లు అవి. మన దేశంలో గోద్రెజ్ 1955 నుంచి తయారుచేసిన టైపు మిషన్లలో అక్షరపు కడ్డీ లేచి, రిబ్బను మీదుగా కాగితాన్ని కొట్టాలంటే బలమంతా వేలిదే. మెల్లగా నొక్కితే అక్షరం పల్చగా పడేది. అందుకే ఆ మేస్టర్లు అన్ని వేళ్లతోనూ ఒకే బలంతో కొట్టడం నేర్పారు. ఆ చదువులో ఏ వేలు ఏ మీటకన్న భాగం ఇప్పటికీ బంగారమే. బలంగా కొట్టాలన్న భాగాన్ని మాత్రం వదిలించుకోవాలి. అలా నేర్చుకున్న వాళ్లకు ఎరుపు స్విచ్ ఇస్తే ప్రతి మీటా అడుగుకు దబదబా తగులుతుంది. గోధుమరంగు, అంతకన్నా గట్టి కుదుపు ఉన్న స్విచ్‌లు వాళ్ల వేళ్లను దారిలో ఆపి చెబుతాయి.

మెకానికల్ కీబోర్డుతో వేళ్లకు శ్రమ తగ్గుతుందని అమ్మేవాళ్లు అంటారు. ఎంత శ్రమో లెక్కవేద్దాం. సగటున 45 సెంటీన్యూటన్ల బలంతో 4 మిల్లీమీటర్లు నొక్కితే చేసిన పని 0.0018 జౌళ్లు. రోజుకు ముప్పై వేల నొక్కుళ్లు అనుకున్నా మొత్తం 54 జౌళ్లు. ఒక కిలో పంచదార పొట్లాన్ని అయిదున్నర మీటర్ల ఎత్తుకు, అంటే ఇంచుమించు రెండో అంతస్తుకు, ఒక్కసారి చేర్చడానికి పట్టే పని అంతే. అంత చిన్న పనికి చెయ్యి అలిసిపోకూడదు. అయినా సాయంత్రానికి మణికట్లు లాగుతాయంటే కారణాలు వేరేచోట వెతకాలి. వేలు ముప్పై వేలసార్లు గట్టి అడుగుకు తగలడం ఒకటి. మణికట్టు గంటల తరబడి వెనక్కి విరిచినట్టు ఉండటం, భుజాలు బిగపట్టి కూర్చోవడం ఇంకోటి. మెకానికల్ కీబోర్డు వీటిలో మొదటిదానికి మాత్రమే కొంత సాయపడగలదు. రెండోదాన్ని చెడగొట్టనూగలదు. ఇవి మామూలువాటికన్నా ఎత్తుగా ఉంటాయి గనుక. వెనకాల ఉండే చిన్న కాళ్లు మడిచేసి బల్లపరుపుగా పెట్టుకోవాలి, కుర్చీ ఎత్తు సరిచూసుకోవాలి, అవసరమైతే మణికట్టు ముందు ఒక మెత్తటి దిండు పెట్టుకోవాలి. చేతినొప్పి అప్పటికే ఉన్నవాళ్లు చూపించుకోవలసింది డాక్టరుకు. కీబోర్డు దుకాణం దానికి మందు కాదు.

ఇక మేనకోడల్ని అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. తెలుగు కీబోర్డంటూ ఒకటి దొరుకుతుందా అని చాలామంది అడుగుతారు. కీబోర్డుకు ఏ భాషా రాదు. మీట నొక్కగానే అది కంప్యూటరుకు పంపేది ఒక అంకె, ఫలానా చోటున్న మీట నొక్కారని. ఆ అంకెను ఇంగ్లీషు ఎ గా చదవాలా, ఓ గుణింతపు గుర్తుగా చదవాలా అన్నది కంప్యూటరు నిర్ణయించుకుంటుంది. తెలుగు అంతా తెర వెనకాల జరిగే పని. కానీ ఆ పని ఏ పద్ధతిలో జరుగుతుందన్నదాన్ని బట్టి ఏ వేలికి ఎంత భారం పడుతుందో మారిపోతుంది.

ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి తీసుకోండి. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1980లలో మన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ పూనికతో వచ్చిన అమరిక ఇది. గుణింతాల గుర్తులు ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. హల్లులో అకారం ఉండనే ఉంటుంది, వేరే కొట్టక్కర్లేదు. కమలం అని రాయడానికి నాలుగు మీటలు చాలు. ఒత్తులు రావాలంటే మాత్రం నడుమ పొల్లు కొట్టాలి. ఆ పొల్లు గుర్తు డి మీట మీద ఉంది, ఎడమచేతి నడిమివేలి కింద. స్త్రీ అన్న ఒక్క అక్షరానికి స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం అని ఆరు నొక్కుళ్లు. అందులో రెండు డి మీట మీదే. ద్విత్వాలూ సంయుక్తాలూ లేని తెలుగు వాక్యం అరుదు. అమ్మ, అన్న, అక్క, అత్త: నోటికి మొదట వచ్చే మాటల్లోనే పొల్లు ఉంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో రాసేవాళ్ల నడిమివేలికి ఆ ఒక్క మీట మీదే చాలా పని పడుతుంది. నడిమివేలు బలమైనదే, ఆ మీట అది నిలిచే వరసలోనే ఉంది. అమర్చినవాళ్లు మంచి చోటే ఎంచారు.

లేఖిని వంటి పద్ధతుల్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్ల సంగతి వేరు. వాళ్లు పలికినట్టు రాస్తారు కాబట్టి అకారాన్ని కూడా ప్రతిసారీ కొట్టాలి. కమలం అనడానికి నాలుగు కాదు, ఏడు మీటలు. అందులో మూడు ఎ మీట మీద. ఎ మీట ఎవరి కిందుందో చూసుకోండి: ఎడమచేతి చిటికెనవేలు. పది వేళ్లలో బలహీనమైన వాటిలో ఒకటి. అకారాలూ ఆకారాలూ మన మాటల్లో ఎన్నుంటాయో ఏ వాక్యంలోనైనా లెక్కపెట్టుకోవచ్చు. ఆ భారమంతా చిటికెనవేలిదే.

రెండు పద్ధతుల్లోనూ షిఫ్టు మీట పని ఎక్కువే. ఇన్‌స్క్రిప్ట్‌లో ధ, భ, ణ, ళ, శ, ష, మాట మొదట్లో వచ్చే అచ్చులు అన్నీ షిఫ్టు పట్టుకునే కొట్టాలి. షిఫ్టు వెడల్పాటి మీట కాబట్టి ఒక మూల నొక్కితే రెండో మూల లేవకుండా కింద ఒక తీగ అమర్చి ఉంటుంది. స్టెబిలైజరు అంటారు. ఆ తీగ సరిగ్గా కుదరకపోతే గలగలమంటుంది, మీట పక్కకు ఒరిగి ఇరుక్కుంటుంది. చవకరకం కీబోర్డుల్లో ముందు బయటపడే లోపం అదే. దుకాణంలో చూసే వీలుంటే అక్షరాల మీటలు నొక్కి మురిసిపోకుండా, షిఫ్టునూ ఎంటరునూ స్పేస్‌బారునూ రెండు అంచుల దగ్గరా నొక్కి చూడండి. ఎక్కడ నొక్కినా ఒకే తీరున దిగాలి.

మా మేనకోడలు లేఖిని పద్ధతిలోనే రాస్తుంది. పక్కగదిలో రెండేళ్ల పాప పడుకుని ఉంటుంది. నీలం అక్కడికక్కడే పోయింది. ఎరుపు చప్పుడు చెయ్యదని అంటారు గానీ అది సగం నిజం. మీట అడుగుకు తగిలే చప్పుడూ, తిరిగి లేచి పై మూతకు తగిలే చప్పుడూ ఉండనే ఉంటాయి. కీబోర్డు డొప్ప ఖాళీగా, తేలికగా ఉంటే డప్పులా మోగుతుంది. బరువైన డొప్ప, లోపల స్పాంజి పొర ఉన్నవి మెత్తగా పలుకుతాయి. కీబోర్డు కింద నాలుగు మడతలు పెట్టిన టవలు పరిచినా తేడా వినిపిస్తుంది. అది నేను చేసి చూసిందే.

ఆమెకు నేను పట్టుబట్టి చెప్పిన మాట ఒకటే, హాట్‌స్వాప్ ఉన్నది కొనమని. అంటే స్విచ్‌లను సర్క్యూటు బోర్డుకు అతికించకుండా, సాకెట్లలో గుచ్చి ఉంచే రకం. చిన్న పట్టకారుతో లాగితే ఊడి వస్తాయి, మరొకటి గుచ్చితే సరి. స్విచ్‌ల కింద కొన్నింటికి మూడు కాళ్లు, కొన్నింటికి అయిదు. బోర్డు దేన్ని పడుతుందో కొనేముందే చూసుకోవాలి. గుచ్చేటప్పుడు లోహపు కాళ్లు వంగకుండా నిటారుగా దించాలి. మొదటి కీబోర్డుకు ఇదెందుకు ముఖ్యమంటే, నీ వేలికి ఏది నచ్చుతుందో దుకాణంలో రెండు నిమిషాల్లో తెలియదు. రెండు వారాలు నీ పని నువ్వు చేసుకుంటే తెలుస్తుంది. తెలిసిన రోజున మొత్తం కీబోర్డు మార్చక్కర్లేకుండా స్విచ్‌లు మార్చుకోవచ్చు. ఇప్పుడు ఇలాంటివి మూడు, నాలుగు వేల రూపాయలకు కూడా దొరుకుతున్నాయి.

దీనికి ఇంకో ఉపయోగమూ ఉంది. లోహపు రేకులు కలిసేటప్పుడు నేల మీద పడ్డ గోలీలా ఒకటి రెండుసార్లు ఎగిరి నిలకడ పొందుతాయి. ఆ ఎగురుళ్లను వేర్వేరు నొక్కుళ్లుగా లెక్కపెట్టకుండా కీబోర్డులోని చిప్పు కొన్ని మిల్లీసెకన్లు ఓపిక పడుతుంది. స్విచ్ అరిగితే ఆ ఎగురుళ్లు ఓపిక దాటిపోయి, ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడతాయి. సాకెట్లున్న కీబోర్డులో ఆ ఒక్క స్విచ్ మార్చేస్తే చాలు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే మరో మాట ఎన్-కీ రోలోవర్. నూట నాలుగు మీటలకు నూట నాలుగు తీగలు లాగరు. సినిమాహాల్లో సీట్లకు వరసా అంకే ఇచ్చినట్టు, అడ్డ తీగలూ నిలువు తీగలూ గళ్లలా అల్లి, ఏ గడిలో కలిశాయో చూస్తారు. అడ్డానికి ఆరు, నిలువుకు పద్దెనిమిది ఉంటే 108 గళ్లు. చతురస్రానికి మూడు మూలల్లో మీటలు ఒకేసారి నొక్కితే నొక్కని నాలుగో మూల కూడా నొక్కినట్టు కనబడుతుంది. అది రాకుండా ప్రతి మీటకూ కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడు పెడతారు. మామూలు యూఎస్‌బీ పద్ధతిలోనే షిఫ్టు వంటివి కాక ఆరు మీటలను ఒకేసారి పంపే వీలుంది. రాసుకునేవాళ్లకు ఆరు మించి ఎప్పుడూ అక్కర్లేదు. ఆ మాట కోసం ఎక్కువ డబ్బు పెట్టవద్దు. అయస్కాంతంతో పనిచేసి, 2 మిల్లీమీటర్లను అరకు, పావుకు తగ్గించుకునే వీలిచ్చే స్విచ్‌లు కూడా వస్తున్నాయి. ఆటగాళ్లకు అవి బాగుంటాయి. ఆలోచిస్తూ మీటల మీద వేళ్లు ఆనించుకుని కూర్చునే రచయితకు, ఆ ఆనించడానికే అక్షరాలు పడిపోతాయి.

సైజు విషయంలో నా ఓటు అంకెల గడులు లేని దానికి. కుడిపక్కన ఉండే ఆ నాలుగు వరసలు తీసేస్తే ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు కలిసొస్తుంది. మౌసు అంత దగ్గరికొస్తుంది, కుడి భుజం బయటికి చాపాల్సిన పని తగ్గుతుంది. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లు మాత్రం అంకెల గడులు వదులుకోకూడదు. అరవై ఒక్క మీటల మరుగుజ్జు కీబోర్డులు చూడముచ్చటగా ఉంటాయి గానీ బాణం గుర్తులు కూడా వేరే మీటతో కలిపి నొక్కాలి. ప్రూఫులు దిద్దేవాళ్లకు అది నరకం.

కీక్యాపుల ప్లాస్టిక్కు రెండు రకాలు: ఏబీఎస్, పీబీటీ. ఏబీఎస్ మెత్తన. వేళ్ల రాపిడికి కొన్ని నెలల్లోనే నున్నబడి మెరుస్తుంది. పీబీటీ పాలిస్టరు కుటుంబంలోది, గట్టిది, వేడికి తట్టుకుంటుంది. పాలిస్టరు చీర మీద బొమ్మలు అద్దే పద్ధతిలోనే, రంగును వేడితో ఆవిరి చేసి లోపలికి ఇంకించి దాని మీద అక్షరాలు వేస్తారు. అందుకే అవి త్వరగా చెరగవు. అక్షరాలు చూడకుండా కొట్టేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. చూసి కొట్టేవాళ్లు పీబీటీ తీసుకోవాలి.

మా మేనకోడలు చివరికి అంకెల గడులు లేని హాట్‌స్వాప్ కీబోర్డు ఒకటి, గోధుమరంగు స్విచ్‌లతో తీసుకుంది. మూడు వారాల తర్వాత ఫోన్ చేసి, "అంతా బాగుంది గానీ మామయ్యా, చిటికెనవేలు లాగుతోంది" అంది. ఎ మీట కింద మాత్రం తేలికపాటి ఎరుపు స్విచ్ గుచ్చుకోమన్నాను. ఒకే కీబోర్డులో ఒక్కో వేలికి ఒక్కో బరువు పెట్టుకోవచ్చన్న ఊహ తనకు రాలేదు. ఎ తో పాటు షిఫ్టు కిందా తేలికదే గుచ్చుకుంది. లాగడం తగ్గిందని తర్వాత చెప్పింది.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కీబోర్డును బ్యాగులో పెట్టుకుని వచ్చింది, పని ఆగకూడదని. నా బల్ల మీద నాదాని పక్కనే పెట్టుకుని కూర్చుంది. రెండూ ఏబీఎస్ టోపీలవే. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే చూశాను. నేను ఇన్‌స్క్రిప్ట్‌లో రాస్తాను. నాదాని మీద స్పేస్‌బారు కాక మిగతావాటికన్నా ఎక్కువగా మెరుస్తున్నది డి మీట. తనదాని మీద ఎ.